రెండు చొక్కాల లెక్చరర్

2002 జూన్. చీరాలలో మా జిమ్ ఒక పాత నూలు గోదాం మేడమీద ఉండేది. కింద మగ్గం సామాన్ల కొట్టు, వెనక సందులో పవర్‌లూమ్‌లు. పొద్దున ఐదున్నరకు నేను షట్టరు ఎత్తేసరికే మగ్గాల మోత మొదలయ్యేది. మా ఇనుప ప్లేట్ల చప్పుడు దాంట్లో కలిసిపోయేది. హాల్లో మూడు గోడలకూ అద్దాలు. బరువెత్తేటప్పుడు నడుము ఊగుతోందా, మోకాలు లోపలికి పోతోందా అని చూసుకోవడానికే జిమ్‌లో అద్దాలు పెడతారు. కొత్తగా చేరినవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట అదే. ఆ అద్దాల ముందు నిలబడి మనిషి తనను తాను ఎంత తప్పుగా చూసుకోగలడో నాకప్పటికి తెలియదు.

నా పేరు మస్తాన్ వలి. కుర్రతనంలో వెయిట్ లిఫ్టింగ్ పోటీలకు వెళ్ళేవాణ్ణి. మోకాలు దెబ్బతిన్నాక కోచ్‌నయ్యాను. నేతపనివాళ్ళు, పోలీసు సెలక్షన్లకు తయారయ్యేవాళ్ళు, పొగాకు కంపెనీ గుమాస్తాలు, పెళ్ళి కుదిరాక పొట్ట సంగతి గుర్తొచ్చినవాళ్ళు, అందరూ నా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆ జూన్‌లో వచ్చినాయన ప్రభాకర్. ఇరవై తొమ్మిదేళ్ళు. ఊళ్ళో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. కొత్తగా పెళ్ళయింది. మెషినెక్కిస్తే యాభై కిలోలకు ఒక కిలో తక్కువున్నాడు.

“ఎన్నాళ్ళు పడుతుంది మాస్టారూ?” అన్నాడు.

“దేనికి సార్?”

“చొక్కా నిండడానికి.”

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. కారణం తనే చెప్పాడు. ఇంటర్ పిల్లలు ఆయనకు సుద్దముక్క అని పేరు పెట్టారు. ఒకరోజు క్లాసులోకి వెళ్ళేసరికి బోర్డు మీద నిలువుగా ఒక సుద్దముక్క, దానికి కళ్ళజోడు గీసి ఉన్నాయి. క్లాసంతా నవ్వింది. ఆయన డస్టరు తీసుకుని తుడిచి పాఠం మొదలుపెట్టాడు.

“ఆ రోజు గంటసేపు లెక్కలు చేయించానండి. ఒక్క తప్పు చెయ్యలేదు,” అన్నాడు.

“పిల్లకాయల అల్లరి సార్. ఆర్నెల్లు క్రమం తప్పకుండా రండి, వాళ్ళే నోరు మూసుకుంటారు,” అన్నాను.

ధైర్యం చెప్పాననుకున్నాను. నిజానికి ఆ పిల్లలు అన్నది సబబేనని, ఆయన ఒంట్లో సరిచేసుకోవలసిన లోపం ఉందని ఒప్పుకున్నట్టే మాట్లాడాను. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

అంత శ్రద్ధగా నేర్చుకున్నవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. వానకాలమైనా, పరీక్షల కాలమైనా ఆరుకల్లా మెట్లెక్కేవాడు. ఒక సెట్‌లో పన్నెండుసార్లు ఎత్తమంటే పన్నెండే, పదకొండూ కాదు, పదమూడూ కాదు. ఆయన దగ్గర ఒక గ్రాఫ్ పుస్తకం ఉండేది. పిల్లలకు గీతలు గీయడం నేర్పేలాంటిది. అందులో వారం వారం తన బరువు, ఛాతీ, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, తొడలు, అన్నిటికీ వేరువేరు రంగు పెన్సిళ్ళతో చుక్కలు పెట్టి కలిపేవాడు. గీతలన్నీ పైకే పోతుండేవి. నేను ఆ పుస్తకం తీసుకుని మిగతావాళ్ళకు చూపించేవాణ్ణి. “చూడండ్రా, చదువుకున్నాయన ఎక్సర్‌సైజు చేస్తే ఇట్లా ఉంటుంది,” అనేవాణ్ణి.

తొమ్మిది నెలల్లో పధ్నాలుగు కిలోలు పెరిగాడు. మెడ నిండింది, భుజాలు తేరాయి. కాలేజీలో సుద్దముక్క పేరు ఎప్పుడో పోయిందని అక్కడ చదివే ఒకతను నాకు చెప్పాడు. ఇప్పుడు ఆయన్ని పహిల్వాన్ సార్ అంటున్నారట. ఆ మాట ప్రభాకర్‌కు చెబితే, “ఎగతాళికి అంటున్నారండి,” అన్నాడు.

మా జిమ్‌లో ఆదివారం కొలతల రోజు. అందరి మధ్యా నిలబెట్టి టేపు పెట్టి అంగుళాలు బిగ్గరగా చదివేవాణ్ణి. కుర్రాళ్ళకు అదో సరదా, నాకు అదో గొప్ప. 2003 మార్చిలో ఒక ఆదివారం ప్రభాకర్ చెయ్యి కొలిస్తే పావంగుళం తగ్గింది. ముందు వారం ఆయనకు జ్వరం తగిలింది, అంతే.

“ఏం సార్, పావంగుళం ఎక్కడ పారేసుకొచ్చారు?” అన్నాను.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. మర్నాటినుంచి పొద్దునా సాయంత్రం రెండుపూటలా రావడం మొదలుపెట్టాడు.

ఆ ఎండాకాలం చీరాలలో గాలి ఆడలేదు. మేడమీద రేకులు కాలి, హాలు ఇటుక బట్టీలా ఉండేది. కుర్రాళ్ళు బనీన్లు కూడా విప్పేసి చేసేవారు. ప్రభాకర్ మాత్రం ఫుల్‌హ్యాండ్స్ చొక్కాలో చేసేవాడు. ఒకరోజు బెంచ్ ప్రెస్ చేస్తున్నాడు. పడుకుని ఛాతీ మీదనుంచి బరువు పైకి నెట్టే వ్యాయామం అది. ఆఖరి సెట్ అయ్యాక లేచేసరికి ఒళ్ళంతా తడిసి, కళ్ళు తేలేసి గోడ పట్టుకున్నాడు. మజ్జిగ తాగించి, గాలి ఆడుతుందని కాలర్ బొత్తాం విప్పబోయాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపేశాడు. అప్పటికే చూశాను. చొక్కా కింద ఇంకో చొక్కా ఉంది. దాని కింద బనీను.

“ఇదేంటి సార్, ఈ ఎండలో?”

“ఒక్క చొక్కా అయితే ఎముకలు కనపడతాయండి,” అన్నాడు.

నేను నవ్వాను. నవ్వుతుండగానే ఆయన ముఖం చూసి ఆపేశాను. ఆయన జోకు వెయ్యలేదు. అరవై మూడు కిలోల మనిషి, నా జిమ్‌లో అందరికన్నా నిండైన భుజాలున్న మనిషి, తన ఎముకలు కనపడతాయని భయపడుతున్నాడు.  ఆ మాట ఎవరితో అనాలో, దాన్ని ఏమనాలో తెలియలేదు. సిగ్గరి మనిషి అని సర్దిచెప్పుకున్నాను.

ఆ అక్టోబరులో ఒక మధ్యాహ్నం, హాలు ఖాళీగా ఉన్నప్పుడు, ఒకమ్మాయి మెట్లెక్కి వచ్చి గుమ్మం బయటే నిలబడింది. మా జిమ్‌కు ఆడమనిషి రావడం అదే మొదలు. కుర్చీ తెచ్చి వేశాను.

“నేను ప్రభాకర్ గారి భార్యనండి. వసుంధర. మాది పొన్నూరు,” అంది.  నేను మంచినీళ్ళిచ్చాను.

“అన్నయ్యగారూ, మాకు పాప పుట్టింది, తెలుసుగా. ఐదో నెల. ఆయన ఇంతవరకు ఎత్తుకోలేదండి.”

“కొంతమంది మగాళ్ళకు పసిపిల్లల్ని పట్టుకోవాలంటే భయమమ్మా.”

“భయం కాదండి. ఎడం చేత్తో ఎత్తుకుంటే ఆ చెయ్యొక్కటే పెరుగుతుందంట. గ్రాఫు తేడా వస్తుందంట.”

 ఆమె ఒక్కొక్కటే చెప్పింది. చుట్టాల పెళ్ళిళ్ళకు రావడం మానేశాడు. ఎక్కడికి వెళ్ళినా స్టీలు డబ్బాలో ఉడికించిన గుడ్లు. పొద్దున్నే బీరువా అద్దం ముందు నిలబడి అరగంట, కాలేజీకి బయల్దేరేముందు మళ్ళీ, గుమ్మందాకా వచ్చి వెనక్కి వెళ్ళి మళ్ళీ. రెండు క్లాసులు ఆలస్యమయ్యాయని ప్రిన్సిపాల్ కబురుపెట్టాడు. రాత్రిపూట నిద్ర లేదు, మాటంటే కసురు. చివరికి ఆమె సంచిలోంచి ఒక కాగితం పొట్లం తీసి బల్లమీద విప్పింది. రెండు ఖాళీ ఇంజక్షన్ సీసాలు, ఒక సిరంజి.

“మేజాబల్ల సొరుగులో ఉన్నాయండి. ఇవేంటో మీకు తెలుసా?”

తెలుసు. పోటీల్లో తిరిగిన రోజుల్లో చూశాను. స్టెరాయిడ్లు అంటారు, కండ తొందరగా పెంచే మందులు. వాటితో గుండె, కాలేయం పాడైనవాళ్ళనూ చూశాను. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ సీసాలు చూడగానే నాకు ముందు కలిగిన భయం ప్రభాకర్ గురించి కాదు, నా జిమ్ గురించి. ఇక్కడే ఎవరైనా ఇచ్చారేమో, ఊళ్ళో తెలిస్తే నా గతేంటి అనుకున్నాను. ఆమె ముఖం చూశాక ఆ ఆలోచనకు సిగ్గుపడ్డాను.

సాయంత్రం ఆయన రాగానే వెనక వరండాలోకి తీసుకెళ్ళాను. దాచలేదు. పోటీలు చూడ్డానికి వెళ్ళినప్పుడు పరిచయమైన ఎవరో బయటూరి మనిషి దగ్గర్నుంచి తెప్పించుకున్నానని చెప్పాడు.

“ఎందుకు సార్ ఇవి? మీకేం తక్కువ?”

“మీరు నిజం చెప్పండి మాస్టారూ. నేనెలా కనపడుతున్నాను?”

“మా జిమ్‌లో మీ అంత ఒళ్ళు ఇంకెవరికీ లేదు.”

“మొహమాటానికంటున్నారు.”

ఆయన చేరినప్పుడు నేను తీయించిన ఫోటో రిజిస్టరులో ఉంది. లోపలికెళ్ళి తెచ్చి చేతిలో పెట్టాను. పుల్లలాంటి మనిషి, వేలాడే చొక్కా. ఆయన దాన్ని చాలాసేపు చూసి, “అప్పుడే కాస్త నయంగా ఉన్నాను,” అన్నాడు.

ఆ మాటతో నా చేతనైనదంతా అయిపోయింది. లెక్కలు తెలిసిన మనిషి. పధ్నాలుగు కిలోలు పెరిగానని స్వయంగా గ్రాఫు గీసుకున్న మనిషి. అంకెను నమ్ముతున్నాడు గాని, ఒంటిని చూస్తే మాత్రం ఆయనకు సుద్దముక్కే కనపడుతోంది.

నాకు తోచింది చేశాను. ఆ తోచిందే పెద్ద పొరపాటు. “ఆ మందు మానేదాకా మా మెట్లెక్కొద్దు సార్,” అన్నాను.  గ్రాఫు పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

గట్టిగా చెప్పాను, దారికొస్తాడు అనుకున్నాను. వారం, పది రోజులు, నెల. రాలేదు. సైకిల్ మీద వెళ్తూ వాళ్ళ వీధి మలుపు దగ్గర ఆగేవాణ్ణి. లోపలికి వెళ్ళాలంటే ముఖం చెల్లేది కాదు. కాలేజీ దగ్గర వాకబు చేస్తే సెలవు పెట్టాడన్నారు.  మా ఆవిడ, “వెళ్ళి చూసి రావచ్చుగా, ఎన్నాళ్ళిట్లా కొట్టుకుంటావు?” అంది. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటుండగానే సంక్రాంతి సెలవులు కూడా అయిపోయాయి.

జనవరి చివర్లో ఒక పొద్దున కింద కొట్టుకు ఫోనొచ్చింది. వసుంధర.

“అన్నయ్యగారూ, మీరొకసారి రావాలి. మూడు రోజుల్నుంచి ఒళ్ళు కాలిపోతోంది. ఆసుపత్రికంటే తలుపు గడియ పెట్టుకుంటున్నారు.”

ఐదు నిమిషాల్లో వాళ్ళింట్లో ఉన్నాను. వసారాలో రెండు నూనె డబ్బాల్లో సిమెంటు పోసి, మధ్యన ఇనుప గొట్టం గుచ్చిన బరువు ఉంది. జిమ్‌కు రావద్దని నేనన్నాను కాబట్టి ఇంట్లోనే చేసుకున్నాడన్నమాట. నా గొంతు విని ప్రభాకర్ తలుపు తీశాడు. కళ్ళు ఎర్రగా, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. దుప్పటి కప్పుకుని ఉన్నాడు. గదిలో చీము వాసన.

“మాస్టారూ, మంచి టైముకొచ్చారు. టేపు పట్టుకోండి, నాకొక్కడికీ సరిగ్గా కుదరడం లేదు,” అన్నాడు.

దుప్పటి తొలగించి ఎడమ చెయ్యి బయటపెట్టాడు. భుజం కింద, తనే సూది పొడుచుకున్నచోట, కొబ్బరికాయంత వాచి ఎర్రగా నిగనిగలాడుతోంది. ఎర్ర చార ఒకటి చంకదాకా పాకింది. మంచం మీద టేపు ఉంది. పక్కన గ్రాఫు పుస్తకం తెరిచి ఉంది.

“పదిహేను అంగుళాల దగ్గర ఆగిపోయింది కదండీ. ఇప్పుడు పదహారున్నర,” అన్నాడు.

ఆ గొంతులో సంతోషం ఉంది. పాతికేళ్ళ ఉద్యోగంలో నేను విన్న మాటలన్నిట్లో నన్ను అంతగా భయపెట్టింది ఇంకొకటి లేదు. గుమ్మంలో వసుంధర పాపను ఎత్తుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“అది కండ కాదు సార్, చీము. ఆసుపత్రికి పదండి.”

“వద్దండి. డాక్టరు చొక్కా విప్పమంటాడు. నర్సులుంటారు, వచ్చేపోయేవాళ్ళుంటారు. నేను విప్పలేను.”

చచ్చిపోతారు సార్ అన్నాను. తెలుసండి అన్నాడు. అంత నెమ్మదిగా అన్నాడు. వాదించి లాభం లేదని అర్థమైంది. బలవంతంగా లాక్కెళ్ళే మనిషీ కాదు. అప్పుడు నేను చేసింది ముందు అనుకుని చేసింది కాదు. నా టీషర్టు విప్పేశాను. నేను ఎప్పుడూ ఎవరి ముందూ విప్పను. మోకాలు పోయి ఎక్సర్‌సైజు తగ్గాక నాకు పొట్ట వచ్చింది. కోచ్‌కు పొట్ట ఏంటని జనం నవ్వుతారని ఆరేళ్ళుగా లోపల వెడల్పాటి నడుం బెల్టు బిగించి కట్టుకుంటున్నాను. మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ బెల్టు కూడా విప్పి మంచం మీద పెట్టాను. బెల్టు ఒరుసుకుని నడుం చుట్టూ నల్లగా కాయలు కాచిన చారలున్నాయి.

“చూడండి సార్. మీకు పాఠం చెప్పినవాడి ఒళ్ళు ఇదీ. నాకూ సిగ్గే. మీరు సిగ్గు మానుకోనక్కర్లేదు. సిగ్గుతోనే రండి. డాక్టరు ఒక్కడే ఉండేట్టు నేను మాట్లాడతాను. చొక్కా విప్పనక్కర్లేదు, దాని ఎడమ చెయ్యి వరకే కత్తిరిస్తారు. నేను తలుపు దగ్గర నిలబడతాను, ఒక్కళ్ళని కూడా రానివ్వను.”

చాలాసేపు నా నడుంవైపే చూశాడు. “నొప్పెయ్యదా మాస్టారూ?” అన్నాడు.

“రోజూ వేస్తుంది.”

రెండో చొక్కా తొడుక్కుని లేచాడు.

ఆసుపత్రిలో సర్జన్ గారు నా మాట మన్నించారు. గది ఖాళీ చేయించి, చొక్కా చెయ్యి కత్తిరించి, గడ్డ కోసి చీము తీశారు. ఇంకో రెండు రోజులు ఆగితే విషం రక్తంలోకి ఎక్కేదన్నారు. కట్టు కట్టాక నన్ను బయటికి పిలిచి, “చెయ్యి మానిపోతుంది. అసలు జబ్బు చేతిలో లేదు. గుంటూరులో సైకియాట్రిస్టుకు చూపించండి,” అన్నారు.

ఆ మాట ఇంట్లో చెప్పడం గడ్డ కోయించడంకన్నా కష్టమైంది. పిచ్చాసుపత్రికా అని ప్రభాకర్ తండ్రి నా మీద విరుచుకుపడ్డాడు. “మీ జిమ్ వల్లే మావాడు ఇట్లా అయ్యాడు,” అన్నాడు. నేను కాదనలేదు. నిలబడి పట్టుబట్టింది వసుంధర. “ఎవరేమన్నా నేను తీసుకెళ్తాను మావయ్యగారూ,” అంది. పాపను పొన్నూరులో వసుంధర వాళ్ళమ్మ దగ్గర దించి, ఇంకో బస్సెక్కి ముగ్గురం గుంటూరు వెళ్ళాం. మిరప సీజను. ఊరు దగ్గరపడేసరికి బస్సంతా దగ్గులు. నేను ప్రభాకర్ పక్కన కూర్చుని, ఏ స్టాపులో దిగిపోతాడోనని ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకున్నాను.

ఆ డాక్టరు గారు ఆయనతో గంటసేపు మాట్లాడాక మమ్మల్ని లోపలికి పిలిచారు. దీన్ని డిస్మార్ఫియా అంటారని చెప్పారు. ఉన్న ఒళ్ళు ఒకటి, తనకు కనపడే ఒళ్ళు ఇంకొకటి కావడం. ఎవరెంత పొగిడినా అది పోదు. పొగిడినకొద్దీ అబద్ధం చెబుతున్నారనిపిస్తుంది. “అన్నీ సరిగ్గా ఉండాలనుకునేవాళ్ళు, ఒక్క తప్పు కూడా సహించలేనివాళ్ళు దీనికి తొందరగా దొరుకుతారు,” అన్నారు. నేను నలుగురికీ చూపించి మురిసిపోయిన గ్రాఫు పుస్తకం అప్పుడు ప్రభాకర్ సంచిలోనే ఉంది. డాక్టరు గారు అడిగితే ఇచ్చాడు గాని, ఇవ్వడానికి చాలాసేపు పట్టింది.

నయం కావడం మేమనుకున్నంత తిన్నగా సాగలేదు. రెండు నెలలు బాగుండి, కండ కరిగిపోతోందని మళ్ళీ భయపడి, డాక్టరు గారిచ్చిన మందులు మానేసి, పొన్నూరులో అత్తగారింట్లో నాలుగు రోజులు గది తలుపు తియ్యలేదు. మళ్ళీ గుంటూరు. మళ్ళీ బస్సు. జూన్‌లో కాలేజీ తెరిచాక మళ్ళీ ఉద్యోగంలో చేరాడు. మొదటిరోజు నేను కాలేజీ వీధిలోనే అటూ ఇటూ తిరుగుతూ గడిపాను.

నా పనిలో ఆ ఏడాదినుంచి కొన్ని మారాయి. నలుగురి ముందు కొలతలు మానేశాను. నా నడుం బెల్టు మానేశాను. కుర్రాళ్ళు వారంరోజులు నవ్వి మర్చిపోయారు. కొత్తగా ఎవరైనా చేరితే బరువుకంటే ముందు, “ఎవరేమన్నారు?” అని అడుగుతాను. ఎవరూ ఏమీ అనలేదని ముందు అంటారు. ఆగితే చెబుతారు. 2007లో అలా ఆగి విన్నందువల్ల ఒక మెడికల్ షాపతన్ని సకాలంలో డాక్టరు దగ్గరికి పంపగలిగాను. ఆగనందువల్ల ఎంతమందిని పోగొట్టుకున్నానో నాకు తెలియదు. మా జిమ్ మానేసి వెళ్ళినవాళ్ళ పేర్లు కొన్ని ఇప్పటికీ ఉన్నట్టుండి గుర్తొచ్చి గుబులు పుడుతుంది.

2009లో వేటపాలెం స్టేషన్‌లో ప్రభాకర్ కనపడ్డాడు. ఒకే చొక్కా, చేతులు మోచేతిదాకా మడిచి ఉన్నాయి. కాస్త చిక్కాడు. టీ తాగుతూ, అడగనా వద్దా అనుకుంటూనే అడిగాను.

“ఇప్పుడెలా కనపడుతున్నారు సార్, మీకు మీరు?”

ఆయన గ్లాసు కింద పెట్టి నిజాయితీగా ఆలోచించాడు.

“సన్నగానే కనపడతాను మాస్టారూ. అదేం మారలేదు. కాకపోతే నా కళ్ళ మాట ఇప్పుడు వెంటనే నమ్మను. వసుంధరనడుగుతాను. ఆమె ఏం చెబితే ఆ రోజుకి అదే లెక్క.”

ఒంటికి బలమిస్తే మనిషికి ధైర్యం దానంతటదే వస్తుందని నేను అప్పటిదాకా నమ్మి బతికాను. అది అందరి విషయంలోనూ నిజం కాదని నాకు నేర్పింది ప్రభాకర్. కొందరికి బరువులు చాలవు. తమ కళ్ళు మోసం చేసే పూట మాట నమ్మదగ్గ మనిషి ఒకరు పక్కన కావాలి.